పెడల్ తొక్కకుండా కారు వేగం ఎలా నిలుస్తుంది?

కొబ్బరిబోండం అడుగుకొచ్చాక గట్టిగా పీలిస్తే స్ట్రా నొక్కుకుపోతుంది కదా! లోపల గాలి తగ్గితే బయటి గాలి నెడుతుంది. 1980ల నాటి అమెరికా కార్లు చాలావాటిలో, పెడల్ తొక్కకుండానే వేగాన్ని నిలిపే క్రూయిజ్ కంట్రోల్‌ను నడిపింది ఈ బలమే. క్రూయిజ్ కంట్రోల్‌ను కనిపెట్టిన రాల్ఫ్ టీటర్‌కు ఐదేళ్ల వయసు నుంచీ చూపు లేదు!

ఇంజిన్ పీల్చే గాలిదారి నుంచి సన్నటి రబ్బరు గొట్టం ఒక డబ్బాకు వెళుతుంది. డబ్బాలో రబ్బరు పొర, దానికి కేబుల్. వేగం తగ్గగానే వాల్వు తెరుచుకుంటుంది. ఇంజిన్ డబ్బాలోని గాలిని లాగుతుంది, పొర వంగుతుంది, ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపులాంటి థ్రాటిల్‌ను కేబుల్ తెరుస్తుంది, కారు వేగం పుంజుకుంటుంది.

మరి ఇది ఎందుకు చెడుతుంది? ఇంజిన్ వేడికి రబ్బరు ఏళ్ల తరబడి ఎండి పగులుతుంది. పొర బాగుందో లేదో చూడాలంటే, ఇంజిన్ చల్లారాక డబ్బా నుంచి గొట్టం, కేబుల్ ఊడదీసి, పొరను లోపలికి నొక్కి, రంధ్రాలు వేలితో మూసి వదలండి. అలాగే ఉంటే పొర మంచిదే. మెల్లగా పైకి లేచిందా, చిల్లు పడినట్టే, డబ్బా మార్చాలి. చాలాసార్లు పగిలేది గొట్టం కొసే. అరంగుళం కోసి మళ్లీ తొడిగితే చాలు!

ఈ పని పెద్దవాళ్లతోనే చేయండి. బిగించాక థ్రాటిల్ దానంతటదే పూర్తిగా మూసుకుంటోందో లేదో తప్పక చూడాలి.