చేతులు పలికిన చిత్రములు

“చెవిటివాని ముందు శంఖమూదినట్లు” అను సామెతను వినని తెలుగువారుండరు. అది వ్యర్థప్రయాసకు ఉపమానము. ఆ ప్రయాసలో తప్పు ఎవరిదని మాత్రము ఎవరును అడుగరు. వినలేనివానిదా? వినలేడని తెలిసియు శంఖమునే ఊదువానిదా? చిత్రకళాచరిత్ర ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పుచున్నది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము విద్యార్థులకు లేపాక్షి అందరాని దూరము కాదు. 16వ శతాబ్దమున అచ్చటి వీరభద్రాలయపు పైకప్పులపై రచింపబడిన చిత్రములలో పాత్రల సంభాషణమంతయు చూపులలోను, చేతివ్రేళ్ళలోను ఇమిడియున్నది. ఐనను ఆ ముద్రలు వేరు, బధిరుల సంజ్ఞాభాష వేరు. ముద్రలు వినగలవారు నాట్యమునకై కూర్చుకొన్నవి. సంజ్ఞాభాష వినలేనివారు నిత్యజీవనమునకై పెంచుకొన్నది. సొంత వ్యాకరణము గలది. అమెరికా బధిరుల భాషను పరిశీలించి విలియం స్టోకీ 1960లో ఈ సత్యమును నిరూపించెను.

చేతి అక్షరములు చిత్రములకెక్కిన కథకు స్పెయిన్ దేశమునకు పోవలెను. లేపాక్షి చిత్రముల శతాబ్దముననే అచ్చట నవరెత్తె అను చిత్రకారుడుండెను. పసితనమున వినికిడి కోల్పోయిన ఆతనిని లోకము ‘మూగవాడు’ అనియే పిలిచెను. రెండవ ఫిలిప్పు రాజునకు తన నేర్పు తెలుపుటకు ఆతడు క్రీస్తు జ్ఞానస్నానఘట్టమును చిత్రించి చూపెను. ఆస్థానమున స్థానము లభించెను. 1620లో బోనెత్ మాడ్రిడ్ నగరమున ప్రకటించిన బధిరవిద్యాగ్రంథమున చేతి అక్షరమాల బొమ్మలుగా అచ్చుపడెను. 1792-93లో వ్యాధివలన చెవుడు వచ్చిన మహాచిత్రకారుడు గోయా, 1812లో చేతి అక్షరమాలను స్వయముగా చిత్రించెను.

ఇంత జరిగినను, 1880లో మిలాన్ నగరమున సమావేశమైన బధిరవిద్యాబోధకులు పాఠశాలలలో సంజ్ఞలు తగవని తీర్మానించిరి. తీర్మానించినవారిలో దాదాపు అందరును వినగలవారే! తత్ఫలితముగా పలుదేశముల తరగతిగదులలో పిల్లల చేతులు తరతరములు కట్టువడెను.

మన దేశమున సతీష్ గుజ్రాల్ (1925-2020) ఎనిమిదవ యేట వినికిడి కోల్పోయెను. దేశవిభజనపై ఆయన చిత్రించిన పటములలో దుఃఖము ఆ మనుష్యుల ముడుచుకొన్న దేహములలోనే ఘోషించును. చెవి వినకున్నంత మాత్రమున మనిషికి చెప్పవలసినది లేకపోదు.

2020 జాతీయ విద్యావిధానము భారత సంజ్ఞాభాషను దేశమంతట ప్రమాణీకరింపవలెనన్నది. కాని విధానము తానై తరగతిలోనికి నడచిరాదు. వినలేని విద్యార్థి చేయి కదపినప్పుడు, అది అల్లరియా, మాటయా అని గుర్తింపవలసినవాడు ఉపాధ్యాయుడే. ఆయన శంఖమును దించి నాలుగు సంజ్ఞలు నేర్చిననాడు ఆ సామెతతో పనియుండదు.