పేరు నిలిపిన కారు – ప్యాకార్డ్

మోటారు కారు అప్పుడప్పుడే రూపుదిద్దుకొంటున్న కాలమది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన వారెన్ పట్టణంలో జేమ్స్ వార్డ్ ప్యాకార్డ్ అనే ఇంజనీరు విద్యుద్దీపాల పరిశ్రమను నడుపుతుండేవాడు. 1898లో ఆయన ఒక కారు కొన్నాడు. ఇంటికి తెచ్చుకొనే దారిలోనే అది మొరాయించింది. దాని లోపాలను తయారీదారుకు విన్నవించగా, చేతనైతే నీవే మేలైన కారు చేసుకొమ్మని సమాధానం వచ్చిందని ప్రతీతి. ప్యాకార్డ్ ఆ మాటను సవాలుగా స్వీకరించాడు. సోదరుడు విలియమ్‌తో కలిసి మరుసటి సంవత్సరమే, అనగా 1899లో, తమ తొలి కారును వీధిలో నడిపించాడు.

1903లో ఈ సంస్థ డెట్రాయిట్ నగరానికి తరలింది. అక్కడ వాస్తుశిల్పి ఆల్బర్ట్ కాన్ 1905లో దానికోసం ఉక్కు కడ్డీల కాంక్రీటుతో నిర్మించిన భవనం కర్మాగారాల నిర్మాణంలో కొత్త ఒరవడిని దిద్దింది. 1915లో పన్నెండు సిలిండర్ల 'ట్విన్ సిక్స్' కారు వెలువడింది. 1921లో అధ్యక్షుడు హార్డింగ్ పదవీ స్వీకారానికి ప్యాకార్డ్ కారులోనే వెళ్ళాడు. అంతవరకు ఏ అధ్యక్షుడూ ఆ ఉత్సవానికి కారులో వెళ్ళలేదు. తన కార్లను తానే పొగుడుకొనక, కొన్నవారినే అడిగి తెలుసుకొమ్మని ప్రకటించడం ఈ సంస్థ ప్రత్యేకత.

1929 తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో విలాసవంతమైన కార్లు కొనేవారు కరువయ్యారు. అప్పుడు ప్యాకార్డ్ 1935లో 'వన్ ట్వంటీ' అనే కారును ప్రవేశపెట్టింది. దాని ధర సుమారు వెయ్యి డాలర్లు మాత్రమే. ఆ కారు సంస్థను పతనం నుండి కాపాడింది. అయితే సంపన్నులకే పరిమితమైన పేరు సామాన్యులకు అందుబాటులోకి రావడంతో దాని విశిష్టత క్రమంగా తగ్గిందని విమర్శకుల అభిప్రాయం.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ప్యాకార్డ్ యాభై వేలకు పైగా మెర్లిన్ విమాన ఇంజన్లను తయారుచేసి తన నైపుణ్యాన్ని చాటింది. కాని యుద్ధానంతరం పెద్ద సంస్థల పోటీకి తట్టుకొనలేక, 1954లో స్టూడీబేకర్ సంస్థతో ఏకమైంది. 1956లో డెట్రాయిట్‌లో కార్ల ఉత్పత్తి ఆగింది. 1958తో ప్యాకార్డ్ కార్ల తయారీ ముగిసింది.

శిథిలమైన ఆ కర్మాగారం కూల్చివేత 2022లో మొదలైంది. తొలి కారు పుట్టిన వారెన్ పట్టణంలో మాత్రం ప్యాకార్డ్ ప్రదర్శనశాల ఆ కార్లను భద్రపరచింది. కష్టకాలంలో సంస్థను కాపాడిన నిర్ణయమే దాని కీర్తికి కొంత మూల్యం కోరింది. అయినా లోపాన్ని చూసి నిందతో సరిపెట్టుకొనక, దానిని సరిదిద్దడానికి పూనుకొన్న ఒక ఇంజనీరు పట్టుదల ఆ కార్ల రూపంలో నేటికీ నిలిచి ఉంది.