ఎండాకు తెగులును వరి కణం గుర్తించే తీరు: ఎక్స్‌ఏ21 గ్రాహకం

వరిలో బాక్టీరియా ఎండాకు తెగులును జాంథోమోనాస్ ఒరైజే అనే బాక్టీరియా కలుగజేస్తుంది. ఇది ఆకు అంచులలోని నీటి రంధ్రాల ద్వారా, గాయాల ద్వారా ప్రవేశించి దారునాళాలలో వృద్ధి చెందుతుంది. రసాయనాలతో నివారణ తృప్తికరంగా లేనందున నిరోధక రకాల సాగే ప్రధాన మార్గం. నిరోధకత గురించి చెప్పేటప్పుడు జన్యువు పేరుతో సరిపెట్టడం పరిపాటి. కాని ఆ జన్యువు కణంలో ఏ పని చేస్తుందో తెలిసినప్పుడే, అది ఎక్కడ విఫలమవుతుందో కూడా తెలుస్తుంది.

జంతువుల రక్తంలో వలె మొక్కలలో సంచరించే రోగనిరోధక కణాలు లేవు. ప్రతి కణమూ తన రక్షణను తానే చూసుకోవాలి. ఇందుకై కణత్వచంలో గ్రాహక ప్రోటీన్లు అమరి ఉంటాయి. వీటిలో ఒక ముఖ్య వర్గానికి మూడు భాగాలుంటాయి: కణం వెలుపల ల్యూసిన్ అధికంగా గల ఖండాలు వరుసగా పేరుకొని ఏర్పడిన వంపు తిరిగిన భాగం, త్వచాన్ని దాటే చిన్న భాగం, లోపల కైనేజ్ ఎంజైము. వెలుపలి వంపుకు అంటుకునే సూక్ష్మజీవి అణువునే లైగాండ్ అంటారు.

ఈ బంధం అత్యంత వివరంగా తెలిసినది అరబిడోప్సిస్ మొక్కలోని ఎఫ్‌ఎల్‌ఎస్2 గ్రాహకంలో. బాక్టీరియా కశాభంలోని ఫ్లాజెల్లిన్ ప్రోటీనులో 22 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి పెద్దగా మార్పు లేకుండా అనేక జాతులలో కనిపిస్తుంది. దీనిని మార్చుకుంటే కశాభం పనితీరే దెబ్బతినే ప్రమాదం ఉంది; అందుచేత గ్రాహకం ఎంచుకున్న గుర్తు తెలివైనదే. 2013లో వెలువడిన స్ఫటిక నిర్మాణం ప్రకారం ఈ ముక్క గ్రాహకపు లోపలి వంపు వెంబడి, 3వ ఖండం నుండి 16వ ఖండం వరకు, చాచుకొని పడుకుంటుంది. దాని చివరి భాగాన్ని బీఏకే1 అనే సహగ్రాహకం కూడా తాకుతుంది. అనగా లైగాండ్ రెండు ప్రోటీన్లను జతపరిచే జిగురు వలె పనిచేస్తుంది. రెండూ చేరువైనప్పుడు లోపలి కైనేజ్‌లు ఒకదానినొకటి ఫాస్ఫేటుతో ఉత్తేజపరచుకొని రక్షణ చర్యలను ప్రారంభిస్తాయి.

వరిలోని ఎక్స్‌ఏ21 గ్రాహకమూ ఇదే నమూనాలో ఉంటుంది. ఆఫ్రికాకు చెందిన ఒరైజా లాంగిస్టామినేటా అనే అడవి వరి నుండి వచ్చిన ఈ జన్యువును పమేలా రొనాల్డ్ బృందం 1995లో వేరుచేసింది. గ్రాహకం దొరికినా దాని లైగాండ్ కోసం ఇరవై ఏళ్లు పట్టింది. 2009లో ప్రకటించిన ఒక అణువు సరైనది కాదని తేలి, ఆ పత్రాన్ని 2013లో రచయితలే ఉపసంహరించుకున్నారు. 2015లో అదే బృందం రాక్స్‌ఎక్స్ అనే చిన్న ప్రోటీనును గుర్తించింది. ఇందులోని ఒక టైరోసిన్‌కు బాక్టీరియా సల్ఫేటును చేర్చుతుంది. ఆ సల్ఫేటు లేనిచో ఎక్స్‌ఏ21తో బంధం ఎంతో బలహీనపడి, నిరోధక స్పందన కలుగదు. రాక్స్‌ఎక్స్ వరి పెరుగుదలకు తోడ్పడే స్వంత పెప్టైడు హార్మోనును పోలి ఉండటం ఆసక్తికరం; మొక్క హార్మోను వేషంలో వచ్చిన శత్రువును ఎక్స్‌ఏ21 పట్టుకుంటున్నదన్నమాట.

ఇంత నిర్దిష్టమైన బంధమే దీని బలహీనత కూడా. రాక్స్‌ఎక్స్‌లో మార్పు జరిగినా, సల్ఫేటు చేర్చే ఎంజైము లోపించినా ఆ బాక్టీరియా గ్రాహకం కంటపడదు. ఎక్స్‌ఏ21ను తప్పించుకునే కొన్ని క్షేత్ర నమూనాలలో రాక్స్‌ఎక్స్ జన్యు మార్పులు కనిపించాయి. కనుక ఒక్క గ్రాహకాన్ని నమ్ముకొని రకాన్ని విడుదల చేయడం నిలకడైన పద్ధతి కాదు. సాంబ మసూరి (బీపీటీ 5204) ఈ తెగులుకు లొంగే రకం. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి రూపొందించగా 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో ఎక్స్‌ఏ21తోపాటు ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 జన్యువులను కూడా చేర్చడానికి కారణమిదే. చివరి రెండూ గ్రాహకాలు కావు. ఎక్స్‌ఏ13 విషయంలో చక్కెర రవాణా జన్యువును బాక్టీరియా తనకు అనుకూలంగా ప్రేరేపించలేదు. ఎక్స్‌ఏ5 బాక్టీరియా పంపే ప్రోటీన్లు వాడుకునే వరి ప్రోటీనును మార్చుతుంది. పనిచేసే చోటు వేరైనందున ఒకదాన్ని తప్పించుకున్న బాక్టీరియాకు మిగిలినవి అడ్డుపడతాయి.

ఎక్స్‌ఏ21 ఒక్కటే గల వరుసలను పరిశీలించేవారు మరొక విషయం గమనించాలి. దీని నిరోధకత నారు దశలో బలహీనంగా ఉండి, మొక్క ఎదిగేకొద్దీ పెరుగుతుంది. లేత మొక్కలలో మచ్చలు కనిపించినంత మాత్రాన జన్యువు లేదని నిర్ణయించరాదు; మార్కరు పరీక్షతో నిర్ధారించి, పిలకలు వేసిన మొక్కలపై తిరిగి పరీక్షించాలి.