బావగారి జీపు దానం

దానానికి చెయ్యి రావాలంటారు. మా బావగారికి చెయ్యి వచ్చింది గాని మనసు రాలేదు. ఇవ్వవలసినది ఆయన పాత జీపు మరి!

2023 వేసవి సెలవుల్లో అమెరికాలోని మేరీలాండు రాష్ట్రంలో మా అక్కయ్య ఇంట్లో నెల్లాళ్లు ఉన్నాను. వాళ్ల ఇంటి ముందు 1999 నాటి జీప్ చెరోకీ ఒకటి, పెళ్లివారింట్లో ఎవరూ పలకరించని ముసలి చుట్టంలాగ, ఓ పక్కగా నిలబడి ఉండేది. రాయి అనక, రప్ప అనక, నాలుగు చక్రాలూ కలిసి లాక్కుపోయే బండి. నాలుగు లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు. మొండిదని దానికి పేరు. ఆ ఆకారంలో చెరోకీలు 1984 మోడలుతో మొదలై, అమెరికాలో 2001తో ఆగిపోయాయి.

మా మేనకోడలు రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు బావగారు దాన్ని పాతదిగానే కొన్నారు. అట్లాంటిక్ తీరంలో అసటీగ్ అనే సన్నపాటి దీవి ఉంది. అడవి గుర్రాలు అక్కడ యథేచ్ఛగా తిరుగుతాయి. సముద్రపుటొడ్డున ఇసుకలో కొంతమేర బండి నడుపుకోవడానికి పర్మిట్టు ఇస్తారు. అయితే ముందు టైర్లలో గాలి తగ్గించాలి. గట్టి టైరు ఇసుకలో కూరుకుపోతుంది; మెత్తబడ్డ టైరు పరుచుకుని తేలిపోతుంది. పులిహోర డబ్బాతో, చంటిపిల్లతో అలా ఎన్నిసార్లు వెళ్లారో అక్కయ్య చెబుతూంటే, బావగారు కిటికీలోంచి జీపు కేసి చూస్తూ కూచున్నారు.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. ఉప్పు తిన్న ఇనుమూ తుప్పు పట్టక తప్పదు. చలికాలంలో మంచు కరగడానికి ఆ దేశంలో రోడ్ల మీద ఉప్పు జల్లుతారు. ఇన్నేళ్ల ఉప్పూ జీపు అడుగుభాగాన్ని తినేసింది. ఇంజను మాత్రం పిలిస్తే పలుకుతోంది.

“ధర్మసంస్థకి ఇచ్చేద్దాం. వాళ్లే వచ్చి తోలుకుపోతారు. మూడు వేల డాలర్లని రాసుకుంటే పన్నులో కలిసివస్తుంది,” అన్నారు బావగారు.

మేనకోడలు కాలేజీలో అకౌంటెన్సీ చదువుతోంది. “అవి పాత రోజులు నాన్నా!” అని మొదలుపెట్టింది.

ఒకప్పుడు బండి ఇచ్చినవాళ్లు మార్కెట్టు ధర ఎంతని తోస్తే అంత చూపించుకునేవారట. 2000 సంవత్సరంలో సుమారు 7 లక్షల 33 వేల పన్ను పత్రాల్లో ఇలాంటి దానాలు కనిపించాయి. కాంగ్రెసు తరఫున లెక్కలు తనిఖీ చేసే కార్యాలయం 2003లో 54 బండ్ల జాడ పట్టుకుని వెళ్లి చూసింది. దాదాపు మూడింట రెండు వంతుల బండ్ల విషయంలో, దాత చెప్పుకున్న విలువలో నూటికి అయిదుకు మించి ధర్మసంస్థకి ముట్టలేదు! మోసమనే అనుకోనక్కర లేదు. దాత వేసుకున్న వెల ఒకటి, వేలంలో పలికిన వెల మరొకటి. ఆపైన ఈడ్చుకుపోయిన బండి కూలి, వేలం ఖర్చు, నడుమ ఏజెంటు వాటా. గాదెలో గింజలు కళ్లంలోనే ఖర్చయినట్టు.

అందుచేత 2004లో చట్టం మార్చారు. 2005 నుంచి, 500 డాలర్లు దాటి చూపించుకోవాలంటే, ఆ సంస్థ బండిని ఎంతకు అమ్మిందో అంతే లెక్క. సంస్థ బండిని తన పనికి గట్టిగా వాడుకున్నా, బాగా మరమ్మతు చేయించినా, బీదవారికి ఉచితంగానో బాగా తక్కువ ధరకో ఇచ్చినా మాత్రం మార్కెట్టు ధర చూపించుకోవచ్చు. పైగా ఖర్చులన్నీ విడివిడిగా చూపేవారికే ఈ మినహాయింపు. ఇంటి అప్పు తీరిపోయాక బావగారు అందరిలాగ గంపగుత్త మినహాయింపే తీసుకుంటున్నారు.

“అంటే నాకొచ్చేది?”

“పుణ్యం,” అంది మేనకోడలు.

(మన దేశంలోనూ ఈ ఆశ పెట్టుకోకూడదు. వస్తువు ఇస్తే ఆదాయపు పన్నులో మినహాయింపు లేదు, డబ్బు ఇస్తేనే.)

నాకు వాజశ్రవసుడు గుర్తుకొచ్చాడు. కఠోపనిషత్తు కథలో ఆయన పాలుడిగిన ముసలి ఆవుల్ని దానం చేస్తూంటే, కొడుకు నచికేతుడు చూసి బాధపడతాడు. తెలుగు మాస్టారిని గనక నోరు ఊరుకోక ఆ కథ చెప్పాను. బావగారి ముఖం చిన్నబోయింది. అనవసరంగా అన్నానని తర్వాత తోచింది.

మర్నాడు ఆయనే లెక్క వేశారు. జీపు తనే అమ్మి ఆ డబ్బు ఇస్తే, మధ్యలో పంచుకునేవాడు లేకుండా మొత్తం చేరుతుంది. అన్నిటికన్నా మేలైన దారి అదే. కాని తుప్పు సంగతి చెప్పి అమ్మితే కొనరు, చెప్పకుండా అమ్మితే కొన్నవాడి ప్రాణానికి ముప్పు. బావగారు చెప్పకుండా అమ్మే మనిషి కారు.

మేరీలాండులోనే 1999 నుంచి ‘వెహికల్స్ ఫర్ ఛేంజ్’ అనే సంస్థ పనిచేస్తోంది. దానంగా వచ్చిన కార్లను బాగుచేసి, తక్కువ రాబడిగల కుటుంబాలకు ఇస్తుంది. జైలునుంచి విడుదలైనవారికి మెకానిక్ పని నేర్పుతుంది. బస్సులు అంతగా తిరగని దేశంలో, కారు లేని తల్లి పిల్లని బడికి దింపి వేళకి ఉద్యోగానికి చేరడం ఎంత కష్టమో నెల్లాళ్లలో నాకూ బోధపడింది. దాని గురించి చదివాక బావగారు అలాంటివారి కోసం వాకబు చేసి, మెకానిక్ పని నేర్పే ఒక చోటికి ఫోను చేశారు. తుప్పు సంగతే ముందు చెప్పారు.

“ఇది రోడ్డెక్కడానికి పనికిరాదు. కాని ఇంజను మంచిదంటున్నారు కదా, మా కుర్రాళ్లు విప్పి నేర్చుకుంటారు,” అన్నారు వాళ్లు.

“విప్పేస్తారా?” అంది అక్కయ్య.

“మెడికల్ కాలేజీకి శరీరదానం చేసినట్టనుకో,” అన్నారు బావగారు. ఆ మాట అంటూ ఆయన నవ్వలేదు.

శనివారంనాడు లారీ వచ్చింది. యాజమాన్యపు కాగితం మీద సంతకం చేసి, నంబరు ప్లేట్లు స్వయంగా విప్పుకున్నారు. ఆ రాష్ట్రంలో ప్లేట్లు ప్రభుత్వానికి అప్పగించాకే ఇన్సూరెన్సు మానుకోవాలి; తిరగేస్తే జరిమానా. తివాచీ దులుపుతూంటే గుప్పెడు ఇసుక రాలింది. అక్కయ్య చీపురు తీసుకురాబోయి ఆగిపోయింది.

రెండో తాళంచెవి ఇవ్వడం మరిచిపోయామని రాత్రి గుర్తొచ్చింది. పోస్టులో పంపవచ్చు. కాని బావగారు సోమవారం నన్ను వెంటబెట్టుకుని గంట ప్రయాణం చేసి వెళ్లారు. షెడ్డులో జీపు బానెట్టు ఎత్తి ఉంది. నలుగురు కుర్రాళ్లు తలలు దూర్చి చూస్తున్నారు. బావగారు తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టి, చలి రోజుల్లో మొదటిసారి తిప్పితే పలకదని, రెండోసారికి పలుకుతుందని చెప్పారు. ఒక కుర్రవాడు ఆ మాట జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.