కూరగాయల లారీకి వెనుక ఉక్కు బంపరు

చేవెళ్ల వైపు నుండి గచ్చిబౌలి, మాదాపూర్, కూకట్‌పల్లి మార్కెట్లకు వేకువజామున వచ్చే కూరగాయల లారీల వెనుకనే, రాత్రి విధులు ముగించుకొన్న ఐటీ ఉద్యోగుల కార్లూ నడుస్తుంటాయి. లారీ వెనుక అడ్డు లేనప్పుడు ఢీకొన్న కారు ముందుభాగం దాని కిందికి దూరిపోయి, తాకిడి నేరుగా అద్దంపై, ప్రయాణికుల తలలపై పడుతుంది. కావున ఈ బంపరు లారీ కోసం కాదు, వెనుక వచ్చేవారి కోసం.

ఐ.ఎస్. 14812 ప్రమాణం ప్రకారం ఖాళీ లారీకి బంపరు అడుగు అంచు నేల నుండి 550 మి.మీ. మించరాదు. అడ్డుకమ్మీ వెడల్పు వెనుక చక్రాల వెలుపలి అంచులను దాటరాదు. ఒక్కొక్క పక్క 100 మి.మీ. కంటే లోపలికీ ఉండరాదు. బరువు వలన సరుకు తగ్గునన్న సందేహం తరచుగా వినిపిస్తుంది. 1.6 మీటర్ల పొడవు గల 100 మి.మీ. చానల్ సుమారు 15 కిలోలు మాత్రమే తూగుతుంది. అనగా ఒక టమాట క్రేటుకంటే తక్కువ!

అసలు బలహీనత కమ్మీలో కాదు, అతుకులో ఉంటుంది. ఛాసిస్ పైఅంచుకు, కిందిఅంచుకు వెల్డింగ్ చేస్తే ఆ వేడిమి సోకిన చోట పగుళ్లు మొదలయ్యే ప్రమాదం ఉన్నది. బ్రాకెట్లను నిలువు భాగానికి 8.8 శ్రేణి బోల్టులతో బిగించుట మేలు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను అనుమతించదు. కాబట్టి దెబ్బతిన్న బంపరును విప్పుటకు ముందే దాని కొలతలు వ్రాసుకొని, కొత్తదానిని వాటికే కట్టుబడి చేయించాలి. ఆకుకూరల నుండి కారే నీటికి బ్రాకెట్ లోపలి వైపు తుప్పు పట్టును. పైపైన రంగు వేసినచో అది కనిపించదు, సుత్తితో తట్టి చూడవలసిందే.