మీకు తెలుసా? నిఫ్టీలో అమీర్‌పేట చిరునామాలు

అమీర్‌పేట అనగానే మైత్రీవనం, కోచింగ్ సెంటర్ల బోర్డులే కళ్ల ముందు మెదులుతాయి. నిఫ్టీ 50 సూచీలో చోటు సంపాదించిన మూడు మందుల కంపెనీల రిజిస్టర్డ్ ఆఫీసులకు కూడా ఒకప్పుడు ఈ పేటే చిరునామా. కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ వార్షిక నివేదికల మీద చాలాకాలం 7-1-27, అమీర్‌పేట అనే ఉండేది. 1986లో పుట్టిన అరబిందో ఫార్మాది మైత్రీవిహార్. మురళి దివి 1990లో ప్రారంభించిన దివీస్ ఒకప్పుడు ధరంకరం రోడ్డులోని దివి టవర్స్ నుంచి నడిచేది.

ఈ మూడూ నిఫ్టీలో ఎన్నాళ్లు ఉన్నాయో చూడండి. అరబిందో 2016 ఏప్రిల్‌లో చేరి, 2018 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. దివీస్ 2020 సెప్టెంబరులో చేరింది. 2024 సెప్టెంబరు చివర్లో ట్రెంట్, భారత్ ఎలక్ట్రానిక్స్ లోపలికి రాగా దివీస్ చోటు వదులుకుంది. డాక్టర్ రెడ్డీస్ మాత్రం నిలదొక్కుకుంది. బయటికొచ్చిన రెండు కంపెనీలూ ఇప్పటికీ నడుస్తున్నాయి, లాభాలు గడిస్తున్నాయి. మార్కెట్ విలువ లెక్కలో వేరేవి ముందుకెళ్లాయి, అంతే. ఏ షేరు ఉంచుకోవాలో, ఏది అమ్మేయాలో అని నిద్ర మానుకునే వాళ్లకు ఇదే నేను గట్టిగా చెప్పదలచుకున్నది: ఆ కూడికలూ తీసివేతలూ ఏడాదికి రెండుసార్లు సూచీయే చేస్తుంది. సూచీలో ఉన్న షేర్లనే కొనే ఇండెక్స్ ఫండ్ దాని వెంట నడుస్తుంది. మీరు చేయాల్సింది ఏమీ లేదు.

మరి మోసం జరిగితే? అది కూడా హైదరాబాద్ చూసింది. 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు దొంగ లెక్కలు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటపడిన రోజు, ఆ కంపెనీ షేరు దాదాపు 179 రూపాయల నుంచి 40 రూపాయలకు పడిపోయింది. అప్పుడు సత్యం నిఫ్టీలోనే ఉంది. అంటే ఇండెక్స్ ఫండ్ కొన్నవాళ్లకూ దెబ్బ తగిలింది. దొంగ లెక్కలను పసిగట్టే కన్ను సూచీకి లేదు. కాకపోతే వాళ్లకు పోయింది యాభై కంపెనీల్లో ఒకదాని విలువ. పొదుపంతా సత్యంలోనే పెట్టుకున్న వాళ్ల పరిస్థితి వేరు. జనవరి 12 నుంచి ఆ స్థానంలోకి రిలయన్స్ క్యాపిటల్ వచ్చింది. 2021లో రిజర్వ్ బ్యాంకు ఆ కంపెనీ బోర్డును రద్దు చేసి దివాలా ప్రక్రియకు పంపేనాటికి, అదీ నిఫ్టీలో లేదు.

   

ఇంతకీ సామాన్య మదుపరుల కోసం తొలి ఇండెక్స్ ఫండ్‌ను 1976లో అమెరికాలో జాన్ బోగుల్ తెచ్చారు. 15 కోట్ల డాలర్లు వస్తాయనుకుంటే, వచ్చింది కోటీ 13 లక్షలు. ఆయన వెనక్కి తగ్గలేదు.

ఇక ఖర్చు సంగతి. దీనిమీద కాస్త ఓపిక పట్టండి, అసలు డబ్బు ఇక్కడే ఉంది. లక్ష రూపాయలు 20 ఏళ్లపాటు పెట్టారనుకుందాం. ఖర్చులు పోకముందు ఏటా 12 శాతం వచ్చిందనుకుందాం (ఇది లెక్క కోసమే, హామీ కాదు). ఫండ్ ఏటా 2 శాతం ఖర్చు కింద తీసుకుంటే చేతికొచ్చేది సుమారు 6.73 లక్షలు. 0.2 శాతమే తీసుకుంటే 9.31 లక్షలు. తేడా రెండున్నర లక్షల పైమాటే, అంటే మీరు పెట్టిన అసలుకు రెండున్నర రెట్లు! నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ల డైరెక్ట్ ప్లాన్లలో చాలావాటి ఖర్చు ఆ 0.2 శాతానికి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది.

2013 జనవరి 1 నుంచి ప్రతి మ్యూచువల్ ఫండ్ పథకానికీ డైరెక్ట్ ప్లాన్ ఉంది. ఏజెంటు కమీషన్ అందులో ఉండదు. మీ స్టేట్‌మెంట్ తీసి పథకం పేరు చివర చూడండి. అక్కడ ‘రెగ్యులర్’ అని ఉంటే ఆ కమీషన్ ఏటా మీ డబ్బులోంచే పోతోంది. అలాగని ఉన్నదంతా ఒక్కసారిగా మార్చేయకండి. రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారడమంటే పన్ను దృష్టిలో అమ్మినట్టే. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల మీద లాభం ఆర్థిక సంవత్సరంలో లక్షా పాతిక వేలు మించితే, మించినదాని మీద 12.5 శాతం పన్ను కట్టాలి. కాబట్టి నెలనెలా పెట్టే కొత్త సిప్‌ను డైరెక్ట్‌లో మొదలుపెట్టి, పాతదాన్ని లాభం ఆ పరిమితి దాటకుండా విడతలుగా మార్చుకోవచ్చు.

ఖర్చొక్కటే చూసి ఊరుకోకూడదు. ఫండ్ రాబడి సూచీ రాబడికి ఎంత వెనకబడిందో చెప్పే అంకెను ట్రాకింగ్ డిఫరెన్స్ అంటారు. అది ఎంత తక్కువైతే అంత మంచిది. ఫండ్ సంస్థ వెబ్‌సైట్లోనే కనిపిస్తుంది.

నాలుగు ఫండ్ సంస్థల నుంచి నాలుగు నిఫ్టీ 50 ఫండ్లు కొని, డబ్బును నాలుగు చోట్ల పెట్టామనుకునేవాళ్లు చాలామంది. నాలుగింటిలోనూ ఉండేవి అవే యాభై కంపెనీలు. పైగా నిఫ్టీ 50 బరువులో మూడో వంతుకు పైగా బ్యాంకులు, ఆర్థిక సంస్థలదే. విస్తరణ కావాలంటే ఒక నిఫ్టీ 50 ఫండ్‌కు నిఫ్టీ నెక్స్ట్ 50 ఫండ్ ఒకటి జోడించండి, లేదా ఒకే నిఫ్టీ 500 ఫండ్ తీసుకోండి. నిఫ్టీ 50 నుంచి జారిన దివీస్ వెళ్లింది నెక్స్ట్ 50లోకే. రెండు ఫండ్లూ ఉన్నవాళ్ల దగ్గర ఆ షేరు ఇంకా ఉన్నట్టే.

ఇదంతా షేర్ల వాటా వరకే. నెలనెలా జీతంలోంచి ఈపీఎఫ్‌కు పోయే సొమ్ములో ఎక్కువ భాగం ప్రభుత్వ బాండ్ల వంటి స్థిర రాబడి పత్రాల్లోకే వెళ్తుంది. షేర్లలో ఎంత, స్థిర రాబడిలో ఎంత అని లెక్కేసుకునేటప్పుడు చాలామంది దాన్ని కలపడం మరచిపోతారు. మూడు నాలుగేళ్లలో అమ్మాయి కాలేజీ ఫీజుకో, ఇంటి అడ్వాన్సుకో కావాల్సిన డబ్బును మాత్రం ఎంత చవక ఇండెక్స్ ఫండైనా సరే, అందులో పెట్టకండి. ఆ డబ్బుకు బ్యాంకు డిపాజిట్ చాలు.