రేవు ప్రక్క జాలరిపేట

రైతునకు కళ్లము ఎట్టిదో జాలరికి ఇసుకయొడ్డు అట్టిది. పడవను లాగి నిలుపుటకు, వల ఆరవేసి చినిగినచోట అల్లుకొనుటకు, చేపలను ఎండబెట్టుటకు, బేరమాడుటకు అదియే తావు. విశాఖపట్టణమునందలి జాలరిపేటవారికి ఈ కళ్లము కోతకు గురియగుచుండుటకు కారణమేమో తెలిసికొందము.

పూర్వము ఓడలు నడిసముద్రమున నిలిచెడివి. సరకు మసూలా పడవలపై ఒడ్డునకు చేరెడిది. 1933లో యారాడకొండ చెంత చిత్తడినేలను త్రవ్వి కట్టిన రేవు తెరువబడినది. రేవుముఖమున ఇసుక మేటవేయకుండ రెండు పాత ఓడలను కోరి ముంచి అడ్డుగా నిలిపిరి. ఓడలకై కట్టిన రేవునకు ఓడలనే బలియిచ్చిరన్నమాట! పిమ్మట 1976 నాటికి రాతిగోడలతో వెలిరేవును ఏర్పడినది.

మన తూర్పుతీరమున ఇసుక నిలుకడగా నుండదు. నైరృతి గాలులకు అలలు ఏటవాలుగా తాకి, ఏటి ప్రవాహమువలె ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు నడిపించును. చలికాలమున కొంత వెనుకకు మరలినను ఉత్తరపు పోకయే అధికము. కాలువకు ఎగువరైతు అడ్డుకట్ట వేసినచో దిగువచేను ఎండును గదా! ఇచటను అంతే. ఇసుక గోడకు దక్షిణమున ఆగును. లేదా ఓడలదారికై త్రవ్విన గోతిలో పడును. గోడకు ఉత్తరముననున్న జాలరిపేటయొడ్డునుండి అలలు ఉన్న ఇసుకను కొనిపోవును, క్రొత్తది చాలినంత రాదు. అందుచేతనే రేవువారు ఆగిన ఇసుకను యంత్రములతో తోడి ఉత్తరపుటొడ్డున పోయించుచుందురు. ఇది ఒకసారితో తీరు పని గాదు. ఒక యేడు మానిన ఆ లోటు ఒడ్డుననే కనబడును. 2014 అక్టోబరు 12వ తేదీన వచ్చిన హుద్‌హుద్ తుపానువంటిది తగిలినపుడు చెప్పనక్కరలేదు.

మఱి పేటను వేఱొకచోటికి మార్చరాదా యని కొంద ఱందురు. ఈ మాట తేలికగా అనదగినది కాదు. వాకిటనుండి గాలిని, అలను చూచి వేటకు పోవువాడు సముద్రమునకు దూరమున కాపురముండలేడు. తెల్లవాఱి గంపలెత్తుకొని వీథులకు పోవు స్త్రీలకు పట్టణపు చేరువయే జీవనము. పెద్ద మరపడవలకు చేపలరేవు వేఱుగా కలదు. చిన్న ఫైబరుతెప్పకు మాత్రము ఒడ్డే శరణ్యము.

ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, 61 దినములు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని మోటారు కట్టిన పడవలకు వేట నిషిద్ధము. అప్పుడు తెప్పలన్నియు ఒక్కసారిగా ఒడ్డెక్కును. నైరృతి అలలు బలిసి ఇసుకను కోయ నారంభించునదియు ఆ దినములలోనే.